బాట లేని చోట బండి పందెము

ఇంజనీరింగు కళాశాలలలో ఏటేట జరుగు ఉత్సవములకు పోయిన వారికి ఆవరణములో నొక మూలనుండి తేనెటీగల రొద వంటి ధ్వని వినవచ్చుట కద్దు. అచ్చటికి పోయి చూచినచో మట్టితోను, రాళ్లతోను, చెక్కపలకలతోను కూర్చిన యొక దారి కానవచ్చును. ఆ దారిమీద మూరెడు పొడవు గల చిన్నబండ్లు గుంటలలో దిగుచు, గట్టులెక్కుచు, ఒక్కొక్కప్పుడు నాలుగు చక్రములును నేల విడిచి యెగురుచు పరుగెత్తుచుండును. వానిని నడపు విద్యార్థులు దూరమున నిలిచి చేతిలోని పెట్టెమీద వ్రేళ్లు కదల్చుచుందురు. అవియే రిమోట్ కంట్రోలు బండ్ల పందెములు. బాట లేని నేలపై నడచుటకు చేయబడినవి గనుక ఈ బండ్లను ఆఫ్‌రోడ్ బండ్లని పిలుతురు.

ఈ పందెములను గూర్చి పెద్దలలో రెండు మాటలు వినబడుచున్నవి. ఇంజనీరింగు చదువవలసిన పిల్లలు బొమ్మలతో కాలము గడపుచున్నారని కొందరు పెదవి విరుతురు. రేపటి శాస్త్రజ్ఞులు ఇచ్చటనే పుట్టుచున్నారని మరికొందరు పొంగిపోవుదురు. ఈ రెండు మాటలును నాకు సమ్మతములు కావు. పందెమునకు వచ్చిన బండిలో విద్యార్థి స్వయముగా చేసిన మార్పు ఎంత, ఆ మార్పు ఎందుకు చేసితివని అడిగినచో అతడు చెప్పగల సమాధానమెంత? పందెము విలువ యంతయు ఈ ప్రశ్నమీదనే నిలిచియున్నదని నా యభిప్రాయము. దురదృష్టవశమున నేను చూచిన పందెములలో ఈ ప్రశ్న నడుగువారు అరుదు.

తీగ లేకయే దూరమునుండి ఒక యంత్రమును నడపవచ్చునని లోకమునకు తొలుత చూపినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కు నగరమున ఆయన నీటితొట్టిలో నొక చిన్నపడవను రేడియో తరంగములతో నడిపించెను. అప్పటికి రేడియో ప్రసారములే లేవు. అటుపిమ్మట ఎనుబది సంవత్సరములకు గాని మట్టిదారిలో పరుగెత్తు రిమోటు బండ్లు పిల్లల చేతికి విరివిగా రాలేదు. జపానుకు చెందిన టామియా సంస్థ 1979లో ‘రఫ్ రైడరు’, ‘శాండ్ స్కార్చరు’ అను రెండు బండ్లను అమ్మకమునకు తెచ్చినది. అవి తయారైన బండ్లు కావు; విడిభాగముల పెట్టెలు. కొన్నవాడు ఒక్కొక్క మరను బిగించి, ఒక్కొక్క గేరును కూర్చి, తానే బండిని నిలబెట్టుకొనవలెను. ఈ సంగతిని గుర్తుంచుకొనవలసినదిగా కోరుచున్నాను. ముందు దీనితో పనియున్నది.

ఇక బండి లోపలికి పోవుదము. సామాన్యముగా ఈ పందెపు బండి అసలు బండిలో పదియవ వంతు కొలతతో నుండును. పొడవు అర మీటరునకు కొంచె మెక్కువ, బరువు రెండు మూడు కిలోలు. లోపల నిమిషమునకు ఇరువదివేల చుట్లకు మించి తిరుగగల విద్యున్మోటారు, దానికి శక్తినిచ్చు లిథియం బ్యాటరీ, చక్రములను అటునిటు త్రిప్పు చిన్న సర్వో యంత్రము, చేతిపెట్టె పంపు ఆజ్ఞలను గ్రహించు రిసీవరు ఉండును. ప్రతి చక్రమునకును ఒక స్ప్రింగు, దాని నడుమ నూనెతో నిండిన గొట్టము. బండి ఎగిరి పడినప్పుడు స్ప్రింగు అణగును. ఆ స్ప్రింగు ఒక్కసారిగా తిరిగి లేచినచో బండి బంతివలె మరల ఎగురును. గొట్టములోని నూనె సన్నని రంధ్రములగుండ మెల్లగా పోవుటవలన ఆ విసురు తగ్గును. ఇవన్నియు ఒక యెత్తు, డిఫరెన్షియలు ఒక యెత్తు. ఈ భాగమును గూర్చి కొంత వివరముగా చెప్పక తప్పదు.

మన యెద్దుబండిని చూడుడు. ఇరుసు తిరుగదు, దాని రెండు కొనలయందును చక్రములు వేరువేరుగా తిరుగును. బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలెను, లోపలి చక్రము తక్కువ దూరము పోవలెను. చక్రములు స్వతంత్రములు గనుక ఎద్దుబండికి చిక్కు లేదు. బండిని లాగునవి ఎద్దులే గాని చక్రములు గావు గదా! కాని మోటారు బండిలో చక్రములే బండిని నెట్టవలెను. రెండు చక్రములను ఒకే ఇరుసునకు బిగించి త్రిప్పినచో మలుపులో ఒక చక్రము నేలమీద ఈడ్చుకొనిపోవును. రెంటికిని శక్తినిచ్చుచు, వేరువేరు వేగములతో తిరుగనిచ్చు గేర్ల కూర్పునకే డిఫరెన్షియలని పేరు.

చదునైన బాటమీద ఇది చక్కగా పనిచేయును. బాట లేని చోట ఇదియే శత్రువగును. ఒక చక్రము గుంటమీద గాలిలో నిలిచినదనుకొందము. దానికి అడ్డు లేదు. డిఫరెన్షియలు తేలికగా తిరుగు చక్రమునే త్రిప్పును. గాలిలోని చక్రము గిరగిర తిరుగుచుండగా నేలమీది చక్రము కదలక నిలిచిపోవును. మోటారు మూలుగుచునే యుండును. బండి అంగుళమైనను సాగదు.

దీనికి విద్యార్థులు చేయు మందు వినదగినది. డిఫరెన్షియలు డబ్బాను విప్పి, అందున్న పలుచని నూనెను తీసివేసి, తేనెకన్న చిక్కనైన సిలికాను నూనెను నింపుదురు. ఆ చిక్కదనమువలన ఒక చక్రము మిక్కిలి వేగముగా తిరుగబోయినచో నూనె దాని నడ్డగించును. కొంత శక్తి రెండవ చక్రమునకు చేరును. బండి గుంట దాటును. కాని నూనె మరీ చిక్కనైనచో రెండు చక్రములును ఒకే ఇరుసునకు బిగించినట్లే యగును. అప్పుడు బండి మలుపు తిరుగనని మొరాయించును. ముందు డిఫరెన్షియలున కెంత చిక్కదనము, వెనుకదాని కెంత? ఇసుకలో నెంత, గట్టినేలపై నెంత? దీనికి పుస్తకములో నొక్క సమాధానము లేదు. నింపి చూడవలెను, పరుగెత్తించి కాలము కొలువవలెను, విప్పి మరల నింపవలెను. పదిసార్లు ఇట్లు చేసిన పిల్లవానికి గేర్ల పాఠమును వేరుగా చెప్పనక్కర లేదు.

ఇంకొక సంగతి యున్నది. ఈ చిన్నబండి మనిషి నడుమెత్తునుండి పడియు చక్కగా పరుగెత్తును. అది తన యెత్తునకు నాలుగైదు రెట్లు. నిజమైన జీపును దాని యెత్తునకు నాలుగైదు రెట్ల ఎత్తునుండి పడవేసినచో తుక్కగును. చిన్నబండి చేసినవారు జీపు చేసినవారికంటె నేర్పరులని దీని యర్థము కాదు. కొలతను పదియవ వంతు చేసినప్పుడు భాగముల అడ్డుకోత వైశాల్యము నూరవ వంతగును. బరువు వేయవ వంతగును. బలము వైశాల్యమును బట్టి యుండును. కాబట్టి చిన్నబండి తన బరువుతో పోల్చినచో పదిరెట్లు బలమైనది. తాటిచెట్టుపైనుండి పడిన ఎలుక లేచి పరుగెత్తును; ఏనుగు నిలువెత్తు గోతిలో పడినను లేవలేదు. ఈ సూక్ష్మమును గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథములో వివరించినాడు. చిన్నబండిపై గెలిచిన కూర్పును పెంచి పెద్దబండికి తొడిగినచో ఏమగునో తెలిసికొనుటకు ఈ లెక్క వచ్చియుండవలెను. పందెములలో ఈ లెక్క నడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

తెలుగు పండితునకు గేర్ల గొడవ యేల యని చదువరులు నవ్వుదురేమో. ముప్పది యేండ్లు పిల్లల వ్యాసములు దిద్దినవాడను. సొంతముగా వ్రాసిన వ్యాసమునకును, గైడు చూచి వ్రాసిన వ్యాసమునకును గల భేదము చక్రములమీద వచ్చినను గుర్తింపగలనను నమ్మకము నాకున్నది.

ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించిన తరువాత ఒకసారి నన్నొక కళాశాలవారు ఇట్టి పందెమునకు బహుమతులు పంచుటకై పిలిచిరి. గెలిచిన బండి మెరుగు చెదరని విదేశపు బండి. దాని ఖరీదు మామూలు కుటుంబపు నెలజీతమునకు మించినదని ప్రక్కవారు చెప్పిరి. డిఫరెన్షియలులో ఏ నూనె పోసితిరని నడపిన విద్యార్థి నడిగితిని. “కొన్నప్పు డేది యున్నదో అదియే, మాస్టారూ. మేము విప్పలేదు” అని అతడు నిజమే చెప్పెను. నడపుటలో అతని నేర్పు మెచ్చుకొనదగినదే. అయినను అది డ్రైవరు నేర్పు గాని ఇంజనీరు నేర్పు గాదు.

ఆ పందెములోనే ఇద్దరు బాలురును ఒక బాలికయు కూడి తెచ్చిన బండి యొకటి కలదు. ఎవరో వాడి పారవేసిన బండిని తక్కువ ధరకు కొని బాగుచేసికొనిరట. చక్రమును మొండెమునకు కలుపు చేయి విరిగిపోగా, వంటయింట కూరలు తరుగు ప్లాస్టిక్ పలకను కోసి క్రొత్తచేయి చేసిరి. మొదటిది విరిగెను, రెండవదియు విరిగెను. మూడవదానిని అంచులయందు కోణము లేకుండ గుండ్రముగా కోసిరి, అది నిలిచెను. విరుగుట ఎప్పుడును కోణమునొద్దనే మొదలగుచున్నదని వారు గమనించిరి. గట్టు ఎక్కునప్పుడు ముందు చక్రములు లేచుచుండుటచే బ్యాటరీని ముందునకు జరిపిరి. ఇదంతయు ఆ బాలిక యొక నోటుపుస్తకములో తేదీలతో, కొలతలతో, పరుగు పరుగునకును పట్టిన సెకనులతో వ్రాసియుంచెను. చివరి చుట్టులో టంకము ఊడి తీగ తెగిపోగా వారి బండి నిలిచిపోయినది. నిర్ణేతల చేతిలోని పట్టికలో కాలమునకు తప్ప మరి దేనికిని గడి లేదు. ఆ నోటుపుస్తకమును ఎవరును తెరువలేదు.

ఆ నిర్ణేతలను తప్పుపట్టను. పట్టిక ఎట్లున్నదో వారట్లే నింపిరి. పట్టికను తయారుచేసిన ఆలోచననే తప్పుపట్టుచున్నాను. కాలమును మాత్రమే కొలిచినచో ధనమే గెలుచును. ధనము గెలుచునని ఒకసారి తెలిసిన పిదప మరుసటి యేడు పేదపిల్లలు విప్పుట, కోయుట, వ్రాయుట మానివేసి అప్పుచేసి కొనుటకు పూనుకొందురు. కొనలేనివారు ఇంటికడనే నిలిచిపోదురు. టామియావారి పెట్టెలో విడిభాగములుగా వచ్చిన విద్య, తయారైన బండిగా మారి అంగడిలోనే నిలిచిపోయినది.

పందెమన్నచో ధనికుడే గెలుచునని, దానికి మందు లేదని చేతులెత్తువారు కలరు. మందున్నది, ఇతర దేశములయందు వాడియు చూచినారు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున వుడీ ఫ్లవర్సు అను ఆచార్యుడు 1970 దశకమునందే యంత్రరచన తరగతిని పోటీగా మలచెను. ప్రతి విద్యార్థికిని ఒకే విధమైన చిల్లర సామానుల పెట్టె నిచ్చుట, ఆ సామానులతోనే యంత్రమును చేసి పోటీకి రమ్మనుట ఆయన పద్ధతి. పెట్టె ఒక్కటే, భేదమంతయు బుర్రలో. అమెరికాలోనే యూటా రాష్ట్రపు ఎడారిలో 2007 నుండి విశ్వవిద్యాలయముల విద్యార్థులకు రోవరు పోటీలు జరుగుచున్నవి. మన దేశపు జట్లును అందు పాల్గొనుచున్నవి. అచ్చట ఒక్కొక్క జట్టు వ్యయమునకు హద్దు కలదు, పద్దులు చూపవలెను. నడపువారు డేరాలో కూర్చుండి బండిని కంటితో చూడక, అది పంపు చిత్రములను మాత్రమే చూచి నడపవలెను.

హైడ్రోజన్ గ్రాండ్ ప్రీ అను పోటీ ఇంకొక విధమైనది. అందు ఉన్నత పాఠశాల విద్యార్థులు పదియవ వంతు కొలత గల రిమోటు కారులో హైడ్రోజను ఇంధన ఘటమును అమర్చి గంటల తరబడి నడపుదురు. ఇంధనమునకును బ్యాటరీకిని లెక్క యున్నది. ఆరంభమున మిక్కిలి వేగముగా పోయినవాడు మధ్యలో ఆగిపోవును. నడుమ విరిగినదానిని అచ్చటనే బాగుచేసికొనవలెను. ఒక నిమిషపు పరుగు పందెములో బాగుచేయుట రాని లోపమును దాచిపెట్టవచ్చును. గంటల పందెములో దాచిపెట్టజాలము.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 2016లో ఆరంభించిన ఎఫ్‌వన్‌టెన్త్ పోటీలు నాకు మరింత ఆశ్చర్యమును కలిగించినవి. అంగడిలో దొరకు పదియవ వంతు రిమోటు బండినే తీసికొని, దానినుండి రిమోటును ఊడబెరుకుదురు! దాని స్థానమున అరచేతిలో నిమిడెడి కంప్యూటరును, లేజరు కిరణముతో చుట్టునున్న గోడల దూరమును కొలుచు పరికరమును అమర్చుదురు. ఇక బండి తనంతట తానే దారి చూచికొని పోవలెను. అందరి పరికరములును ఒకే తీరున నుండునట్లు నియమము పెట్టిన తరగతులలో గెలుపోటములను నిర్ణయించునది విద్యార్థి వ్రాసిన ప్రోగ్రామే. జార్జియా సాంకేతిక విద్యాలయమువారు ఇట్టి పనినే అయిదవ వంతు బండితో మట్టిదారిపై చేసి, జారుచునే మలుపు తిరుగుట యంత్రమునకు నేర్పిరి.

రిమోటు బండినుండి రిమోటును తీసివేయుట ఏమి వెఱ్ఱి యని తోచవచ్చును. దీనికి జవాబు భూమిపై లేదు, చంద్రునిపై నున్నది. 1970 నవంబరులో సోవియట్ రష్యావారు లూనోఖోద్ అను ఎనిమిది చక్రముల బండిని చంద్రునిపై దింపి క్రిమియానుండి నడిపిరి. అది సుమారు పది నెలలలో పది కిలోమీటర్లకు పైగా తిరిగెను. చంద్రుడు మనకు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. రేడియో తరంగము పోవుటకు 1.3 సెకనులు, వచ్చుటకు మరల అంత. బండి ముందున్న గోతిని చూచి ఆజ్ఞ పంపి, అది చేరువరకు రెండున్నర సెకనులకు పైన గడచును. పైగా వారికి వచ్చునవి సెకనుల వ్యవధిలో ఒక్కొక్కటిగా వచ్చు నిశ్చల చిత్రములు. అంగారకునిపై నైనచో ఒకవైపు ప్రయాణమే మూడు నిమిషములనుండి ఇరువదిరెండు నిమిషముల వరకు పట్టును. అచ్చటి బండిని చేతిపెట్టెతో నడపుట కల్ల. బండికే కొంత బుద్ధి నేర్పవలెను.

మన ప్రజ్ఞాన్ రోవరును తలచుకొనుడు. శ్రీహరికోటనుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగినది. అందుండి బయటికి వచ్చిన ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు, చక్రములు ఆరు, వేగము సెకనుకు ఒక సెంటీమీటరు. మన కళాశాలల పందెములో దానిని నిలబెట్టినచో చిట్టచివర వచ్చును! ఆగస్టు 27న దానికి మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గల గొయ్యి కనబడినది. వెనుకకు మరలి పొమ్మని ఇక్కడినుండి ఆజ్ఞ పంపిరి. అది మరలి వేరుదారిన పోయినది. కాలపు గడి మాత్రమే గల పట్టికలో ఆ మరలుటకు ఎన్ని మార్కులు పడును?

బొమ్మలాట యని పెదవి విరుచు పెద్దలు ఈ సంగతి నాలోచింపవలెను. గోతిలో చిక్కిన చక్రము భూమిమీదనైనను చంద్రునిమీదనైనను ఒకే చిక్కు. అయితే పొంగిపోవు పెద్దలతోను ఒక మాట యున్నది. పెట్టె విప్పి బండిని నేలమీద నుంచినంతనే ఎవడును శాస్త్రజ్ఞుడు కాడు.

పందెములు జరుపు అధ్యాపకులకు నేను కోరునది కొద్దిమాత్రమే. మొత్తము మార్కులలో సగమైనను మార్పునకును, దానికి చెప్పిన కారణమునకును ఉంచవలెను. పందెమునకు ముందు ప్రతి జట్టును పావుగంటసేపు కూర్చుండబెట్టి, బండిలోని నాలుగు భాగములను విప్పించి మరల బిగించుమనవలెను. ఖర్చునకు హద్దు పెట్టి రసీదులు చూడవలెను. విరిగిన భాగములను పారవేయనీయక బల్లమీద పేర్పించి, ఏది ఎట్లు విరిగెనో చెప్పించవలెను. జట్టులోని బాలికకు నోటుపుస్తకమును, బాలునకు మరచుట్టును అప్పగించు అలవాటు అనేక చోట్ల చూచితిని. వ్రాయుట గొప్పపనియే, అయినచో బాలురును వ్రాయవలెను, బాలికలును విప్పవలెను. వంతులు వేసిన చాలును.

బ్యాటరీ విషయమున మాత్రము మార్కులు గాదు, కఠిన నియమమే యుండవలెను. ఉబ్బిన లిథియం బ్యాటరీ నిప్పువంటిది. దానిని తెచ్చిన బండిని పందెములోనికి రానీయరాదు. చార్జి చేయుచు బ్యాటరీని ఒంటరిగా వదలి టిఫినుకు పోవువారిని నేను చూచితిని.

తుదకు నేల సంగతి. నేను చూచిన పందెపు దారులన్నియు ఒకే అచ్చున నున్నవి: సిమెంటు గచ్చు, దానిమీద చెక్కమెట్లు, రెండు బస్తాల ఇసుక. బాట లేని నేల మన కేమి కొరత? గుంటూరు సీమలో ఒక వాన పడిన తరువాత నల్లరేగడిలో నడచినవారికి చెప్పులు ఎంత బరువగునో తెలియును. ఆ బంకమట్టి చక్రపు పండ్ల నడుమ ఇరుకుకొని గట్టిపడి చక్రమును నున్నని ముద్దగా చేసివేయును. అటుపై అది ఉన్నచోటనే తిరుగును. గోదావరి తిన్నెల ఇసుకలో చక్రము క్రుంగును. అనంతపురపు గులకనేలలో అడుగుభాగము రాళ్లకు తగులును. ఇసుకకు తగిన వెడల్పు చక్రములు, రాళ్లకు తగిన మెత్తని చక్రములు విదేశపు కంపెనీలు అమ్ముచున్నవి. తడిరేగడి కనియే చేసిన చక్రమును మాత్రము నేనే దుకాణమునందును చూడలేదు. దానిని మన పిల్లలే కోసికొనవలెను. పండ్ల నడుమ ఎంత సందుంచవలెనో, మట్టి తనంతట రాలిపోవుటకు అంచు నెట్లు వంచవలెనో వారే పరీక్షించి చూడవలెను. తొలకరి పడిన మరునాడు ఏ కళాశాలవారైనను చేనిగట్టున నట్టి పందెమును పెట్టినచో, పిలువకున్నను వచ్చి గట్టుమీద కూర్చుందును.